నీ కోడలు ఎత్తి చూసిన మిషను

అమ్మకు నమస్కారం.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం నీకూ నాకూ అలవాటు. ఈసారి ఆ మాట రాయబోయి ఆగిపోయాను. నీ కోడలు ఉంది, నేను ఉన్నాను. పాప పోయాక "మేమంతా" అనడానికి ఇంట్లో ఇంకెవరున్నారు? నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని రాశావు, ఆ ఒక్క కబురూ బాగుంది.

పార్సిల్ ఆఫీసులో తూకం బల్ల మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ కాబట్టి ఎవరూ రారు. కిందటి ఉత్తరంలో నువ్వు మూడు సంగతులు అడిగావు. కోడలు తింటోందా, కుట్టుమిషను కొన్నావా, ఆ గౌను సంగతి కోడలికి తెలిసిందా అని. మూడోదానికి జవాబు చివర రాస్తాను. దానికి ధైర్యం కూడగట్టుకోవాలి.

తిండి సంగతికి వస్తే, మధ్యలో నాలుగు రోజులు బాగానే తింది. అదంతా మిషను పుణ్యమే. కింది వాటా ఆవిడ వెళ్ళే బొంతల క్లాసుకి తనూ వస్తానందని నీకు రాశాను కదా. పాప పోయాక తను నోరు తెరిచి నాకు కావాలి అన్నది అదొక్కటే. ఆ క్లాసులో ఎవరి మిషను వాళ్ళే తెచ్చుకోవాలి, అయిపోగానే తీసుకుపోవాలి. ఆ గదిలో సాయంత్రం పిల్లలకి పాఠాలు చెబుతారట. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నేను పట్టుకొస్తాను అంటే తను ఒప్పుకోలేదు. "నేనే మోసుకెళ్తా. నువ్వు రావద్దు" అంది. సగం బకెట్టు నీళ్ళు ఎత్తితే చేతులు వణికే మనిషి! అందుకే తేలిక మిషను కోసం కొట్టుకి బయల్దేరాం.

తేలిక మిషన్లు ఉత్త బొమ్మలు, బల్ల మీద గంతులేస్తాయి అని రాశావు చూడు, అక్షరాలా అదే జరిగింది. కొట్టాయన పల్చటి గుడ్డముక్క పెట్టి టకటకా కుట్టి చూపించి మురిసిపోయాడు. పల్చటి గుడ్డ మీద ఏ మిషనైనా కుడుతుంది, నీ కొడుకుని కదా, ఆమాత్రం తెలుసు. టీచరమ్మ ఇచ్చిన ముక్క నా సంచిలోంచి తీశాను. పైగుడ్డ, మధ్యలో దూది, అడుగుగుడ్డ, మూడూ కలిపిన ముక్క. అన్నిటికన్నా చిన్న మిషను దాన్ని చూసి మూలిగింది, రెండు కుట్లు వేసి నాలుగు వదిలేసింది, ఆ ఊపుకి జరుగుతూ జరుగుతూ బల్ల అంచుదాకా వచ్చేసింది. నేను పట్టుకోకపోతే కొట్టాయన కాలి మీద పడేది. పెద్దదేమో వెన్నలో కత్తిలా కుట్టింది గానీ తను దాన్ని బల్ల మీంచి లేపనే లేకపోయింది. మోయగలిగింది కుట్టదు, కుట్టేది మోయలేదు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంటికి పోదాం అంటుందేమోనని భయపడ్డాను. ఇంటికి వెళ్తే మళ్ళీ ఆ గోడ, ఆ మంచం.

అప్పుడు కొట్టాయన లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు. పైన పిడి ఉన్నది. తెచ్చినవాడు ఊరుకోక, "చంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఉంటుందమ్మా" అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం. తను ఆ పిడి పట్టుకోలేదమ్మా. రెండు చేతులా ఎత్తి ఎడమ నడుం మీద ఆనించుకుంది. కాసేపు అలాగే నిలబడి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంది. తరవాత "ఇదే" అంది.

నీకు గుర్తుందా, పాపను ఈ బల్ల మీదే పడుకోబెట్టి నెలనెలా తూచి నీకు రాసేవాణ్ణి. పార్సిళ్ళ మధ్య కాళ్ళాడిస్తూ నవ్వేది, మా ఆఫీసరు తిట్టబోయి తనే బుగ్గ గిల్లి పోయేవాడు. ఆ మిషను నా చేతికి వచ్చిన క్షణమే నాకు తెలిసిపోయింది, పాపను ఆఖరిసారి తూచినప్పటి బరువే అది. తనతో ఆ మాట అనలేదు. దళసరి అతుకుల దగ్గర ఇది ఆగిపోతుంది, అక్కడ చక్రం చేత్తో తిప్పుకోవాలి అన్నాను. "తిప్పుకుంటా" అంది. ఆ రోజు ఇంటికొచ్చి అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. మిషను బల్ల మీద పెట్టుకుని ఏదో గీతలు కుడుతూ కూర్చుంది. గండం గడిచింది అనుకున్నాను.

ఇక అసలు సంగతి. ఇక్కడిదాకా రాసి, టీ తాగొచ్చి, మళ్ళీ కూర్చున్నాను.

క్లాసులో చేరినప్పుడు టీచరమ్మ గట్టిగా చెప్పింది. బొంతకు తెచ్చే గుడ్డలన్నీ ముందే ఉతికి తేవాలి, లేకపోతే కుట్టాక మొదటి ఉతుకుకే ఒకటి కుంచించుకుపోతుంది, ఇంకొకటి రంగు వదులుతుంది, పడిన కష్టమంతా నీళ్ళపాలు అని. మొన్న తను కింది వాటా ఆవిడతో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కుర్చీలో గుడ్డల కుప్ప కనిపించింది. నా పాత చొక్కాలు, చిరిగిన దుప్పటి, వాటి పక్కన ముడి వేసిన దిండు గలీబు. ముడి విప్పాను. పాప గౌన్లు, మేజోళ్ళు, మూతి తుడిచే గుడ్డలు. ఇవి కూడా బొంతకే కాబోలు అనుకున్నాను. పాప బట్టలతో బొంత కుట్టుకుంటుంది, రోజూ కప్పుకుంటుంది, మంచిదే కదా అని నాలో నేనే సంతోషపడ్డాను. గౌను మెడ దగ్గర పాల మరకలుంటే అవి పోయేదాకా రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దానమ్మా. ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ అదే గలీబులో పెట్టి ముడి వేశాను. తను మెచ్చుకుంటుందని ఎదురుచూశాను కూడా.

అన్ని నెలలూ వాటిని ఉతకకుండా ఎందుకు దాచుకుందో ఆలోచించే బుర్ర నాకు లేకపోయింది. తలుపు వేసుకుని ఆ ముడి విప్పుకుంటుందని తెలుసు. చూసుకుంటుంది అనుకున్నాను, అంతే.

తను వచ్చి ముడి విప్పి, ఒక గౌను మొహానికి ఆనించుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. చాలాసేపటికి తీసింది.

"ఉతికావా?"

"టీచరమ్మ చెప్పింది కదా" అన్నాను.

"అవును. చెప్పింది."

అంతే. తిడితే బతికిపోయేవాణ్ణి. మిషనుకి మూత పెట్టి, అట్టపెట్టెలో సర్ది, మంచం కిందికి తోసేసింది. అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. పాలు పెడితే పాలు అలాగే ఉంటాయి. వచ్చే వారం క్లాసు మొదలవుతుంది, ఆ మాట ఎత్తనివ్వడం లేదు. పొద్దున్న తలుపు దగ్గరికేసి ఆఫీసుకి రావాలంటే భయం, సాయంత్రం ఆ తలుపు తీయాలంటే ఇంకా భయం. కింది వాటా ఆవిణ్ణి మాటిమాటికీ వెళ్ళి చూడమని బతిమాలుకుని వస్తున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటావు. కానీ పట్టుకోవడానికి ఒక్క ఆకు మిగిలి ఉందేమోనని నీకు రాస్తున్నాను.

నువ్వు అడిగిన మూడో సంగతి అదే. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు పసుపు గౌను ఒకటి ఎవరికీ చెప్పకుండా నీ సంచిలో పెట్టుకున్నావని, కోడలికి తెలిసిందా, కోపగించుకుందా అని అడిగావు. తను దానికోసం ఇల్లంతా వెతికింది. నీ ఉత్తరం వచ్చాక నాకు తెలిసింది గానీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నీమీద ఒళ్ళు మండింది. ఇప్పుడు నువ్వు చేసిన ఆ పనికే చేతులెత్తి మొక్కుతున్నాను.

అది ఉతికావా అమ్మా?

నీ సంగతి నాకు తెలుసు. గడప దాటి లోపలికొచ్చిన ఏ గుడ్డనైనా నీళ్ళలో ముంచందే నీకు నిద్ర పట్టదు. ఈ ఒక్కసారి నీ అలవాటు మరిచిపోయి ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను. ఉతకకపోతే దాన్ని ఎండలో పెట్టకు, మడత విప్పకు. ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టి వెంటనే పంపు. నీకూ పాపది అదొక్కటే మిగిలిందని తెలుసు, తెలిసే అడుగుతున్నాను. పార్సిల్ ఎలాగూ నా బల్ల మీదికే వస్తుంది. తూకం కూడా వెయ్యను, అలాగే తీసుకెళ్ళి తన చేతికిస్తాను.

ఉతికేసి ఉంటే మాత్రం ఆ ముక్క ఉత్తరంలో రాయకు. నాకు చదివే శక్తి లేదు. ఉత్తి చేతులతోనైనా సరే, నువ్వే బయల్దేరి రా.

ఇట్లు,
అచ్చం నీలాగే ఏ గుడ్డనీ ఉతకకుండా ఉండలేని
నీ కొడుకు