బావగారు గీసిన గీత

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఉండబట్టలేక నేరుగా సంగతికి వస్తున్నాను. ఈ పార్సెల్లో నేను గీసిన మెదడు బొమ్మ ఉంది. సారాయిలో ఊరబెట్టి గట్టిపరిచిన మెదడును అడ్డంగా కోస్తే, లోపల ఒక బూడిదరంగు ముద్ద, దాని కింద చిన్న మెలిక కనిపించాయి. ఆ మెలిక ఏ పుస్తకంలోనూ లేదు! అదేమిటో, ఎందుకుందో తెలియక నాకు అన్నం సహించడం లేదు.

మా వైద్య కళాశాల పెద్దాయన సంగతి మీకు తెలుసుగా. కళాశాల సభ కూర్చునేలోగా కొత్తదేదైనా అచ్చులో చూపించకపోతే, నా కొలువు తన అల్లుడికి ఇప్పిస్తానని బల్లగుద్ది చెప్పాడు. అందుకని ఈ బొమ్మ రాగిరేకు మీద చెక్కి, ఒక అచ్చు తీసి పంపండి. దయచేసి ఉన్నది ఉన్నట్టు చెక్కండి. కిందటిసారి నా బొమ్మకి లేని మీసం పెట్టారు.

మీ బావమరిది

తా.క.: సారాయి సంగతి అక్కకి చెప్పకండి. మెదడు కోసమన్నా నమ్మదు.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

కాగితానికి నూనె పట్టించి, అద్దంలా అయ్యాక నీ బొమ్మ మీద పరిచి, కింద కనబడ్డ ప్రతి గీతనీ ఎత్తి రేకు మీదికి దించాను. ముద్ద పక్కన సన్నటి గీత ఒకటి గీశావే, అది చెక్కేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నీ చేతిలో ఇంత పనితనం ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదు. అచ్చు పంపుతున్నాను.

ఆశీస్సులతో, మీ బావ

తా.క.: నేను, అక్కని రాస్తున్నాను. పార్సెల్ విప్పింది నేనే. కిటికీ దగ్గర బల్ల మీద పెట్టుకుని, బొమ్మ చూస్తూనే తల దువ్వుకున్నాను. అందరి తలల్లోనూ ఇదే ఉంటుందా? మరి మీ బావకి ఎక్కడ పెట్టినట్టు? సారాయి సంగతి కూడా చదివాను.

*

బావగారికి,

ఈసారికి నమస్కారం ఒక్కటి చాలు. ఏ గీతండీ? నేను ఏ గీతా గీయలేదు! మళ్ళీ చేతి దురద తీర్చుకున్నారా? పెద్దాయన అచ్చు చూసి, "మెదడులో కాలిబాట వేయించావా? ఒక పక్కే వేశావేం, రెండో పక్కకి తీరిక లేదా?" అని అందరి ముందూ నవ్వాడు. పైగా నా మెలిక ఆయన గురువుగారి పుస్తకంలో ఎప్పుడో ఉందట. పేజీ తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఉన్నది పోయింది, లేనిది మెడకు చుట్టుకుంది.

ముందు ఆ గీత చెరిపేయండి. నేను కొత్త మెదడు కోసి, అక్కడ ఏమీ లేదని ఆయన కళ్ళముందే చూపించి, కాస్త పరువైనా దక్కించుకుంటాను.

మీ బావమరిది

తా.క.: పెద్దాయన అల్లుడు నా కుర్చీలో కూర్చుని చూసుకున్నాడు. ఎత్తు సరిపోయిందట.

*

బావమరిదికి,

నా చేతికి దురదా? నీ బొమ్మ తీసి, మీ అక్క ముందు పెట్టి, "ఇదిగో గీత!" అన్నాను. దుమ్ముందని ఉఫ్ మని ఊదాను. గీత లేచి ఎగిరి మీ అక్క ఒళ్ళో పడింది. వెంట్రుక! నూనె కాగితం కింద ఇరుక్కుని గీతలా కనబడింది. చూసుకోకపోవడం నా తప్పే. కానీ వెంట్రుక నాది కాదు, నా తల నీకు తెలిసిందే. గీత పోయేలా రేకుని వెనకనుంచి కొట్టి, ముందు నునుపు చేయబోతున్నాను.

మీ బావ

తా.క.: ఒరేయ్ తమ్ముడూ, ఆ వెంట్రుక మూరెడుంది. ఎవరావిడ? భుజం మీద వాలకుండానే నీ బొమ్మ మీద పడిందా? పైగా సగం నలుపు, సగం తెలుపు. నీకన్నా పెద్దదాన్ని ఎక్కడ పట్టావురా? ఆవిణ్ణే వచ్చి దులుపుతాను. - అక్క

*

బావగారికి వేయి నమస్కారాలు.

చెరపకండి! ఏమీ లేదని చూపిద్దామని పెద్దాయన ముందే కోశాను. ఉంది బావగారూ! ముద్దకి బయటివైపు, తెల్లటి భాగం మధ్యలో, సన్నటి బూడిదరంగు పొర. సరిగ్గా మీరు చెక్కిన చోటే! రెండు పక్కలా ఉంది. ఇన్నాళ్ళూ కత్తి మరక అనుకుని తుడిచేసేవాళ్ళం. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, "ఇది మా గురువుగారి పుస్తకంలో లేదే" అన్నాడు. ఆ ముక్క అనడానికి పాపం చాలా అవస్థ పడ్డాడు.

అది అక్కడ ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. కానీ నా కలం మొద్దు, అంత సన్నంగా గీయలేను. కొలువు నిలబడాలంటే మీ రేకు మీది గీతే దిక్కు. రెండో పక్క కూడా చెక్కి పంపండి.

మీ బావమరిది

తా.క.: అక్కా, ఆవిడ కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని తల దువ్వుకుంటుందట. ఒకసారి అద్దంలో చూసుకో.

*

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం అందేసరికి రేకు నున్నగా ఉంది. నా జన్మలో ఏ పనీ ఇంత తొందరగా చేయలేదు. ఆ వెంట్రుక ఎప్పుడో చెత్తతో పాటు ఊడ్చేశాం. నీ కొలువు నా చేతులతోనే పోగొట్టానని తల పట్టుకుని కూర్చున్నాను. మీ అక్క వచ్చి, తలలోంచి రెండు వెంట్రుకలు పుటుక్కున లాగి, నీ బొమ్మ మీద ముద్దకి అటొకటి, ఇటొకటి పరిచింది. నూనె కాగితం వేసి మళ్ళీ ఎత్తి, రెండు గీతలూ రేకు మీద చెక్కాను. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతిలోనే రేకు ఉంది. సభకి అందుతుంది.

ఆశీస్సులతో, మీ బావ

తా.క.: ఆవిణ్ణి అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను, మంచి మనిషే. ముందు తెల్లవే పీకానురా, కాగితం మీద కనబడడం లేదన్నాడు మీ బావ. మిగిలిన నల్లవాటిలోంచి రెండు నీకిచ్చాను. ఆ తలలో ఇంకా ఏమేం ఉన్నాయో త్వరగా కనిపెట్టు. నల్లవి అయిపోవస్తున్నాయి. - అక్క