ముడి వేసిన రిబ్బన్ బిస్కెట్

షార్జా,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కకు,

తమ్ముడు రాజేశం మొక్కి రాస్తున్నాడు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, మేనకోడలు రమ్య, పెద్దబాపు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. ఉత్తరాల్లో అందరూ రాసే మాటే గాని ఈసారి ఊరికే రాయడం లేదు. నిజంగానే అడుగుతున్నాను, నువ్వు ఎట్లున్నావు? ఎందుకు అడుగుతున్నానో కిందికి పోయినకొద్దీ చెప్తాను. ముందే చెప్తే ఉత్తరం మడిచి బియ్యం డబ్బాలో దాచేస్తావు. నీ సంగతి నాకు తెలియదా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని బావ అడుగుతాడు. మల్యాల మల్లేశం అన్న సెలవు మీద ఇంటికి వస్తున్నాడని, ఊరికే వట్టి చేతులతో ఎందుకు పంపాలని రాశానని చెప్పు. నీ చేతికే ఇవ్వమని అన్నకు రెండుసార్లు చెప్పాను. రాత చూసి నవ్వకు. నోటితో మాట్లాడితే మన భాషే వస్తుంది గాని, కాగితం ముందర కూర్చుంటే నా చేయి బడి భాషలోకి పోతుంది. సారు వేళ్ళ మీద కొట్టి నేర్పిన అలవాటు, ఇంకా పోలేదు.

ఎండలు తగ్గాయి. పొద్దున పూట బయట నిలబడితే కొంచెం చల్లగా ఉంటున్నది. రూములో ఎనిమిది మందిమి. నా మంచం పైది, లేచి కూర్చుంటే తల కప్పుకు తగులుతుంది. కిటికీ ఉంది గాని తెరిస్తే ఎదురు గోడ. అన్నం వండుకుంటున్నాం, తింటున్నాను, రంది పడకు. నేపాలీ వాళ్ళు వండిన రోజు పప్పులో కారం ఉండదు. ఆ రోజు నువ్వు పంపిన ఎండు మిరపకాయలు రెండు నలుపుకుంటాను. సర్వపిండి తినాలని మొన్న ఎంత పానం కొట్టుకున్నదో చెప్పలేను. పిండి దొరికింది, నువ్వులు దొరికాయి, కాని మన గిన్నె లేదు. పెనం మీద చేస్తే అట్టు అయింది. అదే తిని పడుకున్నాను.

మల్లేశం అన్న వచ్చేస్తే ఈ బిల్డింగులో తెలుగు మాట్లాడే మనిషిని నేనొక్కడినే. మొన్న అద్దంలో చూసి గడ్డం గీసుకుంటూ, “ఏంరా రాజేశం, మంచిగున్నవా?” అని నన్ను నేనే అడిగాను. జవాబు చెప్పేలోపే బయట వరుసలో నిలబడ్డవాడు తలుపు కొట్టాడు. నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏదోలా అయింది. అక్కా, ఇక్కడ నాకు ఎవరూ లేరు. దాచి ఏం లాభం, నీకే చెప్తున్నాను.

పని సంగతి చెప్తాను. బేకరీలో డబ్బాలు ప్యాక్ చేసే పని అని జగిత్యాల ఏజెంటు చెప్పి పంపాడు కదా. ఆరు నెలలు అదే చేశాను. ఒకరోజు మా షెఫ్ జోస్, కేరళ మనిషి, నేను రిబ్బన్ కట్టడం చూసి నీ చేయి వణకదే అన్నాడు. పదేండ్లు సాంచెల మీద, మర మగ్గాల మీద, తెగిన పోగులు అతికిన చేయి, ఎందుకు వణుకుతుంది? సిరిసిల్లలో గుడ్డ అమ్ముడుపోక సాంచెలు ఆగిపోయి, ఆ చేతిని అడిగేవాళ్ళు లేకపోయారు గాని చేయి పోలేదు. అట్లా నన్ను బిస్కెట్ల మీద డిజైన్ వేసే టేబుల్ కు మార్చారు. గోరింటాకు కోన్ లాంటిదే ఉంటుంది. అందులో చక్కెర, గుడ్డు తెల్లసొన గిలకొట్టిన ముద్ద నింపుతారు. ముందు అంచు గీయాలి, తర్వాత మధ్యలో పలచగా పోయాలి, ఆరేదాకా ముట్టవద్దు. నువ్వు రమ్య చేతికి కోన్ పెడుతుంటే కూర్చొని చూసిన చూపు ఇక్కడ పనికొచ్చింది. బావకు చెప్పకు. బిస్కెట్ల మీద ముగ్గులేసే మగోడని వాడకట్టంతా చాటిస్తాడు. నాకు చూస్తున్న కోరుట్ల సంబంధం వాళ్ళకు కూడా బేకరీ అని చెప్పు, చాలు.

నా పక్కన మారియా అని ఫిలిప్పీన్స్ ఆమె పని చేస్తుంది. నీ వయసే ఉంటుంది. ఆమెకు వచ్చిన హిందీ, నాకు వచ్చిన హిందీ కలిపినా ఒక మనిషికి సరిపోదు. అయినా పని నేర్పింది ఆమెనే.

మొన్న ఒక పెద్ద ఆర్డర్ వచ్చింది. ఏదో హాల్ లో ఆడవాళ్ళ కోసం మీటింగ్ అట, వచ్చినవాళ్ళకు పంచడానికి బిస్కెట్లు. రిబ్బన్ ఆకారం, గులాబీ రంగు. ఫోటో ఒకటి గోడకు అంటించారు. రిబ్బన్ పైన మెలిక తిరిగి, మధ్యలో ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోయి, కింద రెండు కొసలు విడివిడిగా ఉన్నాయి. మారియా ఆ రోజు సెలవు. నేనొక్కడినే పొద్దటి నుంచి కూర్చున్నాను. ఎన్ని వేసినా నా కన్ను ఆ కొసల దగ్గరే ఆగుతున్నది. ముడి లేదు. రెండు పోగులు అట్లా వదిలేసి ఉంటే మనకు చేయి ఊరుకుంటుందా? ఫోటో తీసినవాడు ముడి మరిచిపోయాడనుకున్నాను. రెండు పోగులు దాటే చోట చిన్న ముడి గీశాను, మనం పోగుకు వేసే సన్నటి ముడి. ఒకదానికి వేశాక అన్నిటికీ వేశాను. ఎంత మంచిగ వచ్చాయో! షెఫ్ మెచ్చుకుంటాడని ట్రేలు వరుసగా పేర్చి పెట్టాను.

తెల్లారి షెఫ్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఇదేం రిబ్బన్, బూట్ల లేసులా ఉన్నది, ఎవరు వేయమన్నారు అని అరిచాడు. కత్తి మొనతో ఒక్కొక్క ముడి గీకి, పైన మళ్ళీ పూత పోశాం, నేనూ మారియా. పగిలినవి పక్కన పెట్టాం. చెవులు కాలిపోయాయి నాకు. ముడి వేస్తే తప్పేంది అని మారియాను అడిగాను. ఇది కట్టేది కాదు, గుర్తు అన్నది. దేనికి గుర్తు అన్నాను. ఆమె కోన్ కింద పెట్టి, చేయి తన రొమ్ము మీద పెట్టుకొని చూపించింది. ఆడవాళ్ళకు అక్కడ వచ్చే క్యాన్సర్. ముందుగా చూపించుకోండని చెప్పడానికి ఈ రిబ్బన్.

ఆ మాట రాసేశాను అక్కా. తమ్ముడు అక్కకు రాసే మాట కాదు. తప్పయితే తిట్టు. నేను పడ్డ సిగ్గుకు ఏమైందో కిందికి చదువు.

మారియా వాళ్ళ అమ్మకు గింజంత గడ్డ అయిందట. నొప్పి లేదని ఎవరికీ చెప్పలేదట. చెప్పేనాటికి దాటిపోయిందట. అంతా మామూలుగా చెప్పి, మళ్ళీ కోన్ తీసుకొని పని చేసుకున్నది. నా చేతిలో కోన్ మాత్రం నడవలేదు. సద్దుల బతుకమ్మ నాడు నేను ఫోన్ చేసినప్పుడు నువ్వన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

బతుకమ్మ ఎంత ఎత్తు పేర్చావని అడిగాను. “పేర్చుడు మంచిగనే పేర్చిన గని, ఈయేడు నేను నెత్తి మీద వెట్టుకోలె తమ్మీ, రమ్య ఎత్తుకున్నది. ఎడమ చెయ్యి ఎత్తుతె గుంజుతున్నది. గా పక్కకు చింతగింజంత గడ్డయింది. నొస్తలేదు, పసుపు వెడుతున్న. ఏం గాదు తియ్,” అన్నావు. నేనేమన్నాను? “వాన పడ్డదా అక్కా?” అని అడిగాను. నువ్వు వాన సంగతి చెప్పావు. నేను విన్నాను. ఫోన్ పెట్టేశాం.

వాన సంగతి నాకెందుకు? పొలం ఉన్నదా, పుట్ర ఉన్నదా? సిగ్గుతో మాట మార్చాను. అమ్మ పోయాక, నాకు తొమ్మిదేండ్లప్పటి నుంచి నా తల దువ్వి, నా అంగీలు ఉతికి, పెండ్లయి అత్తగారింటికి పోతూ నన్ను కూడా వెంట తీసుకపోయిన అక్కవు. నీ పానం మీదికి వచ్చిన మాటను నేను వాన కిందికి నెట్టేశాను.

బిస్కెట్లు ఇవ్వడానికి ఆ హాల్ కు నేనే పోయాను. టోపీ పెట్టుకొని టేబుల్ వెనక నిలబడ్డాను. ఒక నర్సమ్మ మైకులో, అంత మంది ముందర, మగవాళ్ళు కూడా ఉండగా, జ్వరం సంగతి చెప్పినట్టే చెప్పింది. ఎవరూ తల దించుకోలేదు. నాకు సగమే అర్థమైంది. గడ్డలన్నీ చెడ్డవి కావట, చాలావరకు ఏమీ కావట. కాని ఏదో ఏదికాదో ఇంట్లో కూర్చొని చెప్పలేమట. నొప్పి లేదని వదిలేయొద్దు, చూపించుకోవాలి అన్నది. ఇంట్లో ముందు ఎవరికైనా వచ్చి ఉంటే అసలే ఆగొద్దు అన్నది.

అక్కా, అమ్మకు ఏం జబ్బు? నేను ఎన్నడూ అడగలేదు. అప్పుడు అడిగితే ఆడోళ్ళ జబ్బు, నీకెందుకు అన్నారు. చివరి రోజుల్లో ఎండాకాలంలో కూడా అమ్మ కొంగు దగ్గరికి చుట్టుకొని ఉండేది. నేను పక్కన పడుకుంటే ఎడమ పక్కకు రానిచ్చేది కాదు. అమ్మకు నా మీద కోపమని అలిగేవాణ్ణి. నీకప్పుడు పదిహేడేండ్లు, నీకు తెలిసే ఉంటుంది. తెలిసే పసుపు పెడుతున్నావా?

ఆ తర్వాత నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ స్పీకర్ పెట్టావు. బావ పలకరించాడు, పెద్దబాపు దగ్గాడు, పక్కింటి ఆమె బీడీ ఆకు అడగడానికి వచ్చింది. “ఏం తిన్నవ్ తమ్మీ?” అన్నావు. “అన్నం,” అన్నాను. అంతే. అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఉత్తరం అందాక వచ్చే సోమవారం బీడీలు చేయకు. చాట పక్కన పెట్టి రమ్యను తీసుకొని సిరిసిల్ల పెద్ద దవాఖానకు పో. రమ్య పెద్దదైంది, దానితో చెప్పడానికి సిగ్గుపడకు. లేడీ డాక్టరే కావాలని అడుగు, ఆ రోజు లేకపోతే ఎప్పుడు ఉంటుందో కనుక్కొని మళ్ళీ పో. కరీంనగర్ పొమ్మంటే పో. ఖర్చు సంగతి నాకు వదిలెయ్. అమ్మకేమైందో డాక్టరుకు దాచకుండా చెప్పు. పసుపు కడిగేసుకొని పో.

కండెలకు నూలు చుట్టేటప్పుడు నాకు మొదటి ముడి నేర్పింది నువ్వే. ఒక్క పోగు తెగినా సాంచె ఆపాలి, ఆపకపోతే గజాలకొద్దీ గుడ్డ పాడైతదని నెత్తి మీద మొట్టి చెప్పింది కూడా నువ్వే. నాకు చెప్పిన మాటే నీకు చెప్తున్నాను. తమ్ముడు పెద్దోడైండని కోపం చేసుకోకు.

మల్లేశం అన్న చేతికి ఒక డబ్బా ఇచ్చాను. అందులో ఖర్జూరాలు ఉన్నాయి, పెద్దబాపు మోకాళ్ళకు మందు, రమ్యకు సబ్బులు, బావకు టార్చ్ లైటు ఉన్నాయి. అడుగున దూది చుట్టిన పొట్లం ఒకటి ఉంటుంది. అది నీది. మెల్లగా విప్పు.

పెద్దబాపు కాళ్ళకు నా తరఫున దండం పెట్టు. బావను అడిగానని చెప్పు. రమ్యను చదువు మీద ధ్యాస పెట్టమను. నేను వేళకు తింటున్నాను, నిజంగా తింటున్నాను. నన్ను దీవించు అక్కా. ఈసారి నేను కూడా నిన్ను దీవిస్తున్నాను, చిన్నోణ్ణి అయినా సరే.

నీ తమ్ముడు,
రాజేశం

మడిచిన కాగితం మళ్ళీ విప్పి రాస్తున్నాను. ఆ పొట్లంలో ఉన్నది ముడి వేసిన బిస్కెట్. అన్నీ గీకేసినప్పుడు షెఫ్ కంట పడకుండా ఒకటి దాచాను. నువ్వు నేర్పిన ముడి, చూస్తే గుర్తుపడతావు. ఇప్పుడే తినకు. దవాఖానకు పోయొచ్చినంకనే తిను. ఎవరు పక్కన ఉన్నా, స్పీకర్ పెట్టినా పర్వాలేదు, ఫోన్ ఎత్తగానే “బిస్కెట్ తిన్న తమ్మీ” అని ఒక్క మాట అను. నాకు అర్థమైతది. మూత గట్టిగా పెడితే నెల దాకా పాడు కాదని మారియా చెప్పింది. బిస్కెట్ ఆగుతుంది అక్కా. నేను ఆగలేను.