డ్రైవ్‌లో ఇరుక్కుపోయిన సీడీ

బావా,

కంప్యూటర్ సీడీ డ్రైవ్ పాడైంది, ట్రే తెరుచుకోవడం లేదు. ముందు ప్లగ్గు తీసెయ్యి. పేపర్ క్లిప్పును తిన్నగా చేసి, ట్రే కిందున్న చిన్న కన్నంలోకి మెల్లగా నెట్టు. ట్రే కాస్త బయటికొస్తే చేత్తో లాగు. కత్తి మాత్రం పెట్టకు.

లోపలున్నది పాప కడుపులో ఉన్నప్పుడు తీసిన గుండె స్కానింగ్. "అది మరి సూడకే, ఏడ్సి ఏడ్సి ఏటైపోతావు" అన్నావు. అయినా నువ్వు భోగాపురం డ్యూటీకి వెళ్లగానే రోజూ చూస్తున్నాను. తిట్టకు. పాప బతికింది రెండు రోజులే. ఫొటో తీయొద్దని మీ అమ్మ అంటే ఊరుకున్నాం. మనకి మిగిలింది ఆ సీడీ ఒక్కటే.

బడికి వెళ్తున్నాను. అన్నం వండి ఉంచాను, తిను.

సింధూరి

సీడీ విరిగి వస్తే నాకు చూపించకు. నువ్వే ఎక్కడో దాచేశానని చెప్పు. నమ్ముతాను.