రెండో వాగ్దానం

బందరు, 4-1-2007

అమ్మా, మేమంతా క్షేమం. కొత్త సంవత్సరం ఆరాధనలో నేను బైబిలు వాక్యాల వాగ్దాన కార్డులు రెండు తీశానని ఎవరో ఘంటసాలలో ఉన్న నీ దాకా మోశారట. తీసిన మాట నిజమే. మొదటి వాక్యం నచ్చక మాత్రం కాదు, దేవుడి మాటకి వంక పెట్టేంతదాన్నా?

నేను వంక వెతికింది నీ చిన్నకూతురి బొమ్మలో. ఇన్నేళ్ళూ మా సంఘానికి ఆ కార్డులు చేత్తో గీసిచ్చింది నేను. ఈసారి పాస్టరమ్మగారు స్వర్ణ చేత చేయించారు. అది గుడివాడలో కుర్చీ దిగకుండా కంప్యూటర్లో బొమ్మలు గీసి ఇంటర్నెట్లో అమ్ముతోందిగా, దుబాయి వాళ్ళు కూడా అడుగుతున్నారట! పళ్ళెంలోంచి కార్డు తీస్తే మల్లెతీగ. చిన్నప్పుడు నేను దానికి నేర్పిన తీగే. ఎక్కడో ఒకచోట తప్పు దొరక్కపోతుందా అని ఇంకోటి తీశాను. పక్కనున్న మార్తమ్మగారు, "మనిషికి ఒక్కటేనమ్మా రూతూ, వచ్చిందే మన వాగ్దానం" అని అందరూ వినేలా అన్నారు. తల కొట్టేసినట్టయింది. పోనీ తప్పు దొరికిందా అంటే, అదీ లేదు.

నాన్న దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? జున్నుపాలు స్వర్ణ ఒక్కదానికే పంపకు, బందరుకీ బస్సులున్నాయి. మెత్తళ్ళ ఎండుచేపలు తెచ్చి పెట్టాను, ఎవరైనా వస్తే పంపుతాను. అందరికీ వందనాలు.

నీ పెద్దకూతురు రూతు

అడ్రసు పక్కన ఇరికిస్తున్నాను: కంప్యూటర్లో ఆకు మడత అంత నాజూగ్గా ఎలా తిప్పుతోందో స్వర్ణని కనుక్కుని రాయి. నేనడిగానని మాత్రం చెప్పకు.