ఎవరూ విప్పని ఉత్తరం

కాంబర్లీ,
18 నవంబరు 1917

శ్రీవారికి,

మీ కాన్‌స్టన్స్ రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. మన అమ్మాయి నోరాకి దగ్గు తగ్గింది. ఫ్రాన్స్‌లో మీరూ కులాసాయేనని, పైగా మేజర్ జనరల్ అయ్యారని పేపర్లో చూశాను.

కొత్త హోదా గుర్తులు కోటుకి కుట్టించావా అని అడిగారు. కుట్టించలేదు. ఆ కోటు ముట్టుకోవాలంటేనే ఒళ్లు మండుతోంది.

కల్నల్ హార్‌గ్రీవ్ ఇల్లు చేరారు. "శత్రువుల ముళ్లకంచె ఇంకా తెగలేదు, ఇప్పుడు కుర్రాళ్లను పంపను" అన్నందుకు పిరికివాడని రాసి మీరు వెనక్కి పంపిన మనిషే. ఆయన స్థానంలో మీరు పెట్టినవాడు మర్నాడే వాళ్లను నడిపించాడు. నాలుగు వందల మంది ఆ కంచె దగ్గరే పోయారు.

వెనక్కి పంపిన అధికారి ఇంటి గడప మన దండులో ఎవరూ తొక్కరు కదా. మొన్న పాదిరీగారింట్లో టీకి ఆయన భార్య మేబెల్ కేకు చేసి తెచ్చింది. "తినకండమ్మా, పిరికితనం అంటుకోగలదు!" అంది పాదిరీగారి భార్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గు లేకపోతే సరి.

అక్టోబరు మూడున రాసిన ఉత్తరం కాల్చేశావా అని రెండుసార్లు అడిగారు. దాడికి ముందురోజు మీరు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చు: "కంచె తెగలేదని నాకూ తెలుసు. కాదంటే నాకు రావాల్సిన డివిజన్, మేజర్ జనరల్ హోదా ఇంకొకడికి పోతాయి." సిపాయిల ఉత్తరాలైతే మీ అధికారులు విప్పి చదువుతారు. అప్పటికి బ్రిగేడియర్‌గా ఉన్న మీ ఉత్తరం విప్పే మొనగాడెవడు? ఆ ధీమాతో రాశారు. పెళ్లాం ఎలాగూ నోరు మెదపదనుకున్నారు.

కాల్చలేదండీ. గురువారం కల్నల్‌గారి మీద విచారణ. ఇవాళ పొద్దున్నే ఆ ఉత్తరం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన పెరట్లో ఆకులు ఊడుస్తున్నారు. నిలబడే చదివారు.

"ఇది బయటపెడితే మీ సంసారం ఏమవుతుందమ్మా? తీసుకెళ్లిపోండి" అన్నారు.

"మా ఆయన రాసింది నిజమేనా? మీరు పిరికివారేనా?" అన్నాను.

ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. మేబెల్ టీ ఇచ్చింది. కేకు రెండు ముక్కలు తిన్నాను.

మీ ఇరవై ఎనిమిదేళ్ల కొలువు పోతుందని తెలుసు. పోనివ్వండి. గురువారం తరువాత మీ ఉత్తరాలూ విప్పి చదువుతారు. అప్పుడైనా, ఆ నాలుగు వందల ఇళ్లకీ నిజం రాయండి.

ఇట్లు,
ఇంకా మీ భార్యనే,
కాన్‌స్టన్స్