అమ్మమ్మ రాయి గుర్తులు

సకోనెట్,
సెప్టెంబర్ ఆఖరు

ప్రియమైన లియోనెల్‌కి,

పెళ్లి చేసుకుని మాంటాక్ వెళ్లిపోయాక బావ అనేవాడొకడు ఉన్నాడని మర్చిపోయావా? కోరిన్ బాగుందా? మీ అక్క రోజూ నీ గురించే అడుగుతోంది. వాడు నాకు రాయడే, నీకు తమ్ముడు గానీ నాకెవడు అంటే మొహం తిప్పేసుకుంటోంది.

పడవలో నీ బదులు పెట్టుకున్న రస్సెల్ సంగతి ఏం చెప్పను! గాలానికి పీతను గుచ్చమంటే దానికి దెబ్బ తగులుతుందేమో అన్నట్టు గుచ్చుతాడు. ఈలోగా అది వాడి వేలు పట్టుకుంటుంది. మొన్న నలుగురు పళ్ల డాక్టర్లను చారల బాస్ చేపల కోసం తీసుకెళ్లాను. తెల్లవారేసరికి నది సముద్రంలో కలిసే చోట పక్షులు నీళ్ల మీద విరుచుకుపడుతున్నాయి. కింద బాస్ గుంపు. గాలం పడితే చాలు, చేప. ఒకాయనకు నా నడుము దాకా వచ్చే చేప పడింది. చట్టం ప్రకారం అంత పెద్దది ఉంచుకోకూడదు, వదిలెయ్యాలి అంటే నమ్మడు. “కెప్టెన్, మా ఆవిడకు చూపించి తెచ్చి వదిలేస్తానయ్యా” అన్నాడు. చివరికి దానికి ముద్దు పెట్టి మరీ వదిలాడు.

ఇక అసలు సంగతి. అక్టోబర్ ఆఖరున హాలొరాన్ గారి బృందం వస్తోంది. టాటాగ్ చేపలు కావాలట, అవీ పెద్దవి. వాళ్లను నీళ్లడుగున ఉన్న మన అమ్మమ్మ రాయి దగ్గరికి తీసుకెళ్తాను. నిరుడు వాళ్లతో వెళ్లిందే, మళ్లీ అటు పోలేదు. ఒకసారి ఊడ్చేస్తే ఆ రాయి మళ్లీ చేపలతో నిండటానికి ఏళ్లు పడుతుందని నాన్న చెప్పేవాడు కదా. గుర్తులు ఉత్తరంలో రాయనులే. పడవ మీంచి చూస్తే ఒడ్డున చర్చి శిఖరం దేని మీద నిలబడాలో, నీళ్ల ట్యాంకు దేన్ని తాకాలో, ఆ రెండూ కుదిరిన చోటే రాయి ఉంటుందని నాన్న మనిద్దరికీ ఒకేరోజు నేర్పాడు. నేను వాటిని పడవలోని దారి చూపే యంత్రంలో కూడా ఎక్కించలేదు. యంత్రాన్ని దొంగిలిస్తే రాయిని కూడా దొంగిలించినట్టే.

ఆ రోజుకి నువ్వు రావాలి. రస్సెల్‌తో ఆ రాయి దగ్గరికి వెళ్లడం నాకిష్టం లేదు.

నీ బావ,
అన్సెల్మ్


మాంటాక్,
అక్టోబర్ రెండోవారం

ప్రియమైన బావా,

తిట్టావు కాబట్టి రాస్తున్నాను, లేకపోతే ఇంకో నెల బద్ధకించేవాణ్ని. కోరిన్ బాగుంది. కేల్ ఆకుకూరతో సూప్ కాచింది. అక్క సూప్ తిన్న నోటితో బాగుందని ఎలా అనాలో తెలియక రెండు గిన్నెలు తిన్నాను. ఇప్పుడు వారానికి మూడుసార్లు కాస్తోంది.

ఇక్కడ టాటాగ్ అంటే ఎవరికీ తెలియదు, బ్లాక్‌ఫిష్ అనాలట. మొదటి రోజు నేను టాటాగ్ అంటే పడవంతా నవ్వింది. నా కెప్టెన్ వారెన్ టట్‌హిల్ మంచివాడే గానీ నోరు ఊరుకోదు. “ఏవోయ్, మీ వైపు పెద్దవి ఎక్కడుంటాయోయ్?” అని రోజూ అడుగుతాడు. “నీళ్లలో” అంటాను. “అబ్బో, మీ బావ బాగానే తయారుచేశాడు నిన్ను” అంటాడు. ఈ సరసం మాకు అలవాటైపోయింది.

హాలొరాన్ గారి రోజుకి రాలేను బావా. అదే రోజు వారెన్ పడవ నిండా మనుషులున్నారు, కొత్తవాణ్ని సెలవు అడగలేను. మనసంతా అక్కడే ఉంటుంది. నువ్వు లంగరు వేసేముందు శిఖరం వైపు చూసి ఒక కన్ను మూస్తావే, మీ నాన్నలాగే, అది చూడాలని ఉంది. అమ్మమ్మ కడుపు నింపి పంపిస్తుందిలే.

అక్కకు ముద్దులు. రస్సెల్ వేళ్లకు నా సానుభూతి.

నీ బావమరిది,
లియో


సకోనెట్,
నవంబర్ మొదటివారం

లియోనెల్,

హాలొరాన్ బృందంతో వెళ్లొచ్చాను. దారి పొడుగునా వాళ్లకు గొప్పలు చెప్పాను, ఈ రాయి మా నాన్నది, ఇంకెవరికీ తెలియదు అని. పొగమంచు విడింది. మలుపు తిరిగేసరికి రాయి మీద అరడజను పడవలు లంగర్లు వేసుకుని ఉన్నాయి. సరిగ్గా రాయి మీదే. అటూ ఇటూ వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కారు. తెలిసి వచ్చినవాళ్లు.

ఒకడు నాకు చెయ్యి ఊపాడు. “రండి రండి కెప్టెన్, ఇంకా చోటుంది!” అని పిలిచాడు. మా నాన్న రాయి దగ్గరికి నన్ను చుట్టాన్ని పిలిచినట్టు పిలిచాడు. ఆ పడవ వెనక ఏం రాసి ఉందో తెలుసా? మాంటాక్ అని.

“ఎవరికీ తెలియదన్నావు కదయ్యా?” అన్నాడు హాలొరాన్. ఏం చెప్పను? ఆ పడవలు పోయాక మేం గాలాలు వేశాం. అరచేతిలో పట్టే పిల్లలు తప్ప ఏం లేవు. తర్వాత అవీ లేవు. వేసిన పీత వేసినట్టే పైకొచ్చింది. రాయిని తుడిచేశారు.

ఆ గుర్తులు తెలిసినవాళ్లు ముగ్గురు. నాన్న శ్మశానంలో ఉన్నాడు. నేను చెప్పలేదు. ఇక మిగిలింది ఎవరు? నిన్ను రమ్మంటే ఆ రోజే కుదరలేదు. మీ వారెన్ రోజూ అడిగేవాడని నువ్వే రాశావు. సరసమని నేనూ నవ్వుకున్నాను.

ఒకటి చెబుతాను విను. కన్నకొడుకుని నేనుండగా నాన్న నిన్ను కూడా పక్కన నిలబెట్టి నేర్పినప్పుడే నాకు ఒళ్లు మండింది. మీ అక్క మొహం చూసి ఊరుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోశావురా.

అన్సెల్మ్


మాంటాక్,
నవంబర్

ప్రియమైన బావా,

నేను చెప్పలేదు.

వారెన్‌కి చెప్పలేదు, కోరిన్‌కి చెప్పలేదు, తాగి ఉన్నప్పుడు చెప్పలేదు. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. ఆ రాయి పోయిందని చదివి నేనూ ఏడ్చాను. కానీ నాకు రాయి కంటే నీ నమ్మకం ఎక్కువ. నీ ఎదురుగా నిలబడి చెబితే నమ్ముతానంటే ఒక్క ముక్క రాసి పంపు, వెంటనే ఫెర్రీ ఎక్కి వస్తాను. ఇన్నేళ్లలో నేను నీకు ఒక్క అబద్ధం చెప్పి ఉంటే, అది కూడా రాసి పంపు.

నీ బావమరిది,
లియో


సకోనెట్,
డిసెంబర్

లియోనెల్,

రానక్కర్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత? నిప్పు లేకుండా పొగ రాదని మాత్రం తెలుసు.

ఐస్ గిడ్డంగి దగ్గర అందరూ ఉండగా నీ పేరు పెట్టి చెప్పాను. రేవులో ఒక్కడూ నా మాటను అనుమానించలేదు. “బావమరిదే చేశాడా? అయ్యో” అన్నారు. మీ వారెన్‌కి కూడా ఫోన్ చేశాను. “మా రాయి అమ్మినవాడు రేపు నీ రాయి కూడా అమ్ముతాడు, చూసుకో” అన్నాను. ఆయన తనకేం తెలియదన్నాడు. తెలిసినవాడు అలాగే అంటాడు.

మీ అక్క నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టి వెళ్లిపోతోంది. నిన్న మాత్రం ఒక మాట అంది. “నా తమ్ముడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఉత్తరంలో చెవులు కనబడవు కదా, వెళ్లి చూసిరా.” ఎంత వెర్రిమాట! నేను వెళ్లను.

క్రిస్మస్‌కి రావద్దు. వస్తే నేను ఇంట్లో ఉండను, అప్పుడు నీ వల్ల మీ అక్క ఇంకా ఏడవాలి.

అన్సెల్మ్


సకోనెట్,
ఏప్రిల్

ప్రియమైన లియో,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. హాలొరాన్ మొన్న పడవ మాట్లాడుకోవడానికి వచ్చాడు. పడవ మీద ఇద్దరమే ఉన్నాం. జేబులోంచి ఒక కాగితం తీశాడు. నిరుడు వేసవిలో నేను అచ్చు వేయించిన ప్రకటన అది, మాతో చేపల వేటకు రండి అని. నువ్వు పెళ్లి హడావుడిలో ఉన్నావు, చూసి ఉండవు. ఇటు నుంచి న్యూజెర్సీ దాకా గాలాల దుకాణాలన్నిటికీ పంపాను.

రెండు ఫొటోలు. రెండూ అమ్మమ్మ రాయి మీద తీసినవే. ఒకదాంట్లో నేను టాటాగ్ ఎత్తి పట్టుకుని పళ్లికిలించాను. నా భుజం వెనక చర్చి శిఖరం, ఎర్ర కొట్టం మూల మీద నిలబడి ఉంది. రెండోదాంట్లో హాలొరాన్, అతని వెనక ఒంటి పైన్ చెట్టును తాకుతూ నీళ్ల ట్యాంకు. నేను చేప మొహం, నా మొహం చూసుకుని మురిశాను గానీ వెనక ఆ రెండు గుర్తులూ పడ్డాయని చూడలేదు.

“ఒక్క ఫొటో అయితే ఎవడికీ అర్థం కాదయ్యా. నువ్వు రెండూ పక్కపక్కనే వేయించావు!” అని హాలొరాన్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

తప్పయింది లియో. నా స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవారు, అయినా తప్పయింది. వారెన్ నిన్ను పడవ నుంచి దింపేశాడని విన్నాను. పోనీలే, ఇక్కడ నీ చోటు అలాగే ఉంది. మేలో బాస్ వస్తాయి, నువ్వు కూడా రా. రస్సెల్‌ని పంపించేస్తాను.

ఒక్కటి మాత్రం. ఆ కాగితం సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ. హాలొరాన్ నోరు విప్పనని మాటిచ్చాడు. తన రాయిని తనే అచ్చేసి పంచిన కెప్టెన్ అంటే నా పడవ ఎవరెక్కుతారు చెప్పు? రేవులో నేను చూసుకుంటాను. మా వాడు తప్పు ఒప్పుకున్నాడు, నేను క్షమించాను అంటాను. జనం నాలుగు రోజుల్లో మర్చిపోతారు. మీ అక్కకు కూడా అలాగే చెప్పాలనుకుంటున్నాను. మనం మనం ఒకటి.

నీ బావ,
అన్సెల్మ్


మాంటాక్,
మే

కెప్టెన్ అన్సెల్మ్ ఫుర్టాడో గారికి,

మీ ఉత్తరం అందింది. నేను పడవల షెడ్డులో పని చేస్తున్నాను. బోర్లించిన పడవల అడుగున పాత రంగు గీకడం నా పని. వారెన్ దింపేశాక ఇక్కడ ఏ కెప్టెన్ నన్ను పడవ ఎక్కించుకోలేదు. రాళ్లు అమ్మేవాడని ఇక్కడ నాకు పేరు. ఎవరైనా పిలిచినా ఎక్కుతానో లేదో తెలియదు. నేను దగ్గరికి రాగానే మాటలు ఆగిపోతాయి, అది నాకు పడదు.

అక్కకు మీరు చెప్పనక్కర్లేదు. మీ ఉత్తరం నిన్న ఫోన్లో ఆమెకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. తర్వాత “నువ్వు అన్నం తిన్నావా?” అని అడిగి పెట్టేసింది.

ఇక రేవులో మీరు ఏమైనా చెప్పుకోండి. నా పేరు అందరి ముందు గట్టిగా అరిచి తీశారు, ఇప్పుడు కవర్లో పెట్టి అంటించి గుట్టుగా తిరిగిస్తున్నారు. అది నాకు పనికిరాదు. చేయని తప్పు ఒప్పుకుని మీ పడవలో నా పాత చోట కూర్చోలేను.

ఆ కాగితం నేను చూసి ఉండనని రాశారు. చూశాను. నవంబర్‌లో మీ ఉత్తరం వచ్చిన రోజే చూశాను. ఇంకెవరు చెప్పి ఉంటారా అని ఆలోచిస్తూ పీతలు కొనడానికి దుకాణానికి వెళ్తే తలుపు పక్కనే అంటించి ఉంది. అది చూస్తే వారెన్ గానీ, ఇంకొకడు గానీ రాయి ఎక్కడుందని ఎవరినీ అడగక్కర్లేదని కాఫీ తాగినంతసేపట్లో అర్థమైంది. పీకి ఇంటికి తెచ్చి, మీకు రాసిన ఉత్తరంతో పాటు కవర్లో పెట్టాను. కోరిన్ పక్కనే ఉంది. “ఇది చాలు, ఇంకేం రాయక్కర్లేదు” అంది.

తర్వాత తీసేశాను. అది పంపితే మీరు నమ్మేవారు, కాగితాన్ని. నన్ను కాదు. అన్నేళ్లు ఒకే పడవలో తిరిగాం, నేను చెప్పలేదు అన్న నా ఒక్క మాట మీకు చాలుతుందో లేదో తెలుసుకోవాలనిపించింది. అది అహంకారమని కోరిన్ తిట్టింది. అయి ఉండొచ్చు, దానికి నా పని పోయింది, అక్క క్రిస్మస్ పోయింది. అయినా తెలుసుకున్నాను.

ఇంకొకటి కూడా చేశాను. మర్నాడు ఇక్కడి దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడెక్కడ మీ కాగితం అంటించి ఉందో, ఎక్కడెక్కడ బల్ల మీద కట్టలుగా ఉందో, అన్నీ అడిగి, పీకి, తెచ్చి పొయ్యిలో వేశాను. రాయి ఎలాగూ పోయింది. మీ మీద నలుగురూ నవ్వకూడదని.

అప్పటికి మీరింకా నాకు బావే.

ఇట్లు,
నటాలియా తమ్ముడు,
లియోనెల్ పచేకో