పదకొండో మనిషి

మావయ్యా,

నువ్వు రిటైరై హాయిగా మొక్కలకి నీళ్లు పోసుకుంటున్నావు. నీ కుర్చీలో కూర్చున్న పాపానికి నేనిక్కడ అందరిచేతా చీవాట్లు తింటున్నాను.

ఆఫీసులో కొత్తవాళ్లు చేరినప్పటినుంచీ డేటాబేస్ సర్వర్‌తో గొడవే. పదిమంది లోపలికి వెళ్లాక తలుపేసుకుంటోంది. మిగతావాళ్లు ఎవరు లాగౌట్ అవుతారా అని కాచుకుని కూర్చుంటున్నారు. అకౌంటెంటయితే సీటు పోతుందని భోజనానికి లేవడమే మానేశాడు.

సెట్టింగుల మెయిన్ ఫైల్లో రెండొందల మందిని రానివ్వమని రాశాను. వింటేనా! సెట్టింగుల ఫైళ్లన్నీ పేర్లలోని అంకెల వరసలో చదివి, చివర చదివినదానికే తలూపుతుందట ఈ మహాతల్లి. మనవాళ్లేమో తలా ఓ ఫైలు తగిలించి పోయారు. తవ్వుకుంటూ పోతే అన్నిటికన్నా చివర నీ ఫైలే తేలింది. అందులో ఉన్నది ఒకటే ముక్క, పదిమంది చాలని. దాని పేరు '999-నన్నడక్కుండా-తీయొద్దు'.

తీసేద్దామంటే మేనేజరు వణికిపోతున్నాడు. "ఆయన ఊరికే అలా రాయడమ్మా, ముందు అడుగు" అంటాడు. అందుకే అడుగుతున్నాను, తీసెయ్యనా?

మెయిల్ చెయ్యక ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోనేమో నువ్వెత్తవు. మెయిలూ ఆ సర్వర్ మీదే నడుస్తుంది. వరసలో నేను పదకొండోదాన్ని.

నీ మేనకోడలు